ట్రిప్ అవ్వడం ఆగింది, ప్రమాదం మొదలైంది: స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్‌లో నేను చేసిన తప్పు



ఈ రోజు వీడియో దూలపల్లిలో మా షెడ్ బయట కూర్చుని చేస్తున్నాను. వెనకాల వినిపించే సౌండ్ కంప్రెసర్‌ది, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి. దూలపల్లి అనగానే చాలామందికి ఫారెస్ట్ అకాడమీ గుర్తొస్తుంది. మాలాంటి వాళ్లకి మాత్రం రేకుల షెడ్లు, లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు, వాటి కోసం పగలూ రాత్రీ తిరిగే ఎలక్ట్రీషియన్లు గుర్తొస్తారు. నేను ఆ ఎలక్ట్రీషియన్లలో ఒకణ్ణి. ఐటీఐ చేశాను, వైర్‌మన్ పర్మిట్ ఉంది, పదేళ్లుగా ఇదే పని.

ఇప్పటిదాకా ఈ ఛానెల్‌లో నేను రిపేర్ చేసినవి, సక్సెస్ అయినవే చూపించాను. ఇవాళ నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. ఆ తప్పు చేసిన రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. మూడు నెలల తర్వాత ఒక పిల్లగాడి ప్రాణం మీదికి వచ్చింది. కంపెనీ పేరు, మనుషుల పేర్లు చెప్పను. విషయం మాత్రం మొత్తం చెప్తాను. పూర్తిగా చూడండి, ఎందుకంటే ఇదే తప్పు మీ షెడ్‌లో కూడా ఉండొచ్చు.

అసలు మెషిన్ ఏంటి?

ఒక షెడ్‌లోకి సెకండ్ హ్యాండ్ జపాన్ సీఎన్‌సీ మెషిన్ వచ్చింది. మన దగ్గర త్రీ ఫేజ్ అంటే 415 వోల్టులు. జపాన్‌లో ఫ్యాక్టరీలకి వచ్చే త్రీ ఫేజ్ ఎక్కువగా 200 వోల్టులే. అందుకే ఆ మెషిన్ పక్కన ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 415 లోపలికి పోతుంది, 200 బయటికి వస్తుంది. మాది 20 కేవీఏ, ప్రైమరీ డెల్టా, సెకండరీ స్టార్.

స్టార్ అంటే మూడు వైండింగ్‌ల చివరలు ఒక చోట కలుస్తాయి కదా, అది న్యూట్రల్ పాయింట్. ఆ పాయింట్ నుంచి ఒక చిన్న రాగి లింక్ ట్రాన్స్‌ఫార్మర్ బాడీలో ఉన్న ఎర్త్ బోల్టుకి వేసి ఉంది. అరచేతిలో పట్టేంత ముక్క. ఈ రోజు కథ మొత్తం ఆ ముక్క గురించే.

ట్రిప్, ట్రిప్, ట్రిప్

మెషిన్ ఏడాది పాటు బాగానే నడిచింది. తర్వాత ఒక రోజు సెకండరీ వైపు బ్రేకర్ ట్రిప్ అయింది. ఎత్తాము, నడిచింది. గంట తర్వాత మళ్లీ ట్రిప్. రెండు రోజులు ఇదే గొడవ. అర్జెంట్ ఆర్డర్ ఉంది, ఓనర్ సార్ షెడ్‌లోనే కూర్చున్నాడు. "ఏం చేస్తవో చెయ్, మెషిన్ మాత్రం ఆగొద్దు" అన్నాడు.

నేను ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్య షార్ట్ ఉందేమో చూశాను, లేదు. లోడ్ చూశాను, మామూలుగానే ఉంది. అప్పుడు ఒక సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఇది: "అది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తమ్మీ. దానికి ఎర్త్ ఎందుకు? ఆ లింక్ తీసెయ్. ఫ్లోటింగ్‌లో ఉంటే షాక్ కూడా కొట్టదు."

లింక్ తీశాను. ట్రిప్ అవ్వడం ఆగిపోయింది. ఆ రోజు, మర్నాడు, వారమంతా ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. ఓనర్ సార్ బిర్యానీ తెప్పించాడు. "మా ఎలక్ట్రీషియన్ పట్టేసిండు" అని పక్క షెడ్ వాళ్లకి కూడా చెప్పాడు. నేను కూడా నమ్మాను, ఫాల్ట్ పోయిందని.

ఫాల్ట్ ఎక్కడికీ పోలేదు ఫ్రెండ్స్. దాని గురించి మనకి చెప్పేవాణ్ణి నేను తీసేశాను, అంతే.

ఆ రోజు ఏం జరిగింది?

మూడు నెలలు గడిచాయి. ఆ మెషిన్ మీద ఒక హెల్పర్ ఉండేవాడు. సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు, 19 ఏళ్లు. నన్ను "అన్నా, అన్నా" అంటూ వెనకే తిరిగేవాడు, ఎలక్ట్రికల్ నేర్చుకుంటా అనేవాడు. మెషిన్ నడుస్తోంది, కూలెంట్ నడుస్తోంది, కింద చిప్ కన్వేయర్ కూడా నడుస్తోంది. కన్వేయర్ ఆపకుండానే వాడు ఇనుప రజను తీస్తున్నాడు. అది కూడా తప్పే, కానీ ప్రతి షెడ్‌లో రోజూ జరిగే తప్పు.

కన్వేయర్ మోటార్ కేబుల్ ఒక చోట రజను కోసుకుపోయి రాగి బయటపడి ఉంది. వాడి కుడి చెయ్యి దానికి తగిలింది. ఎడమ చెయ్యి మెషిన్ బెడ్ మీద ఉంది. పట్టేసింది. అరవలేకపోయాడు కూడా. ఎదురుగా ఉన్న ఆపరేటర్ చూసి ఎమర్జెన్సీ స్టాప్ కొట్టాడు. అది కొట్టకపోయి ఉంటే ఈ వీడియో ఇంకోలా ఉండేది, లేదా అసలు ఉండేదే కాదు.

వాడు బతికాడు. అరచెయ్యి కాలింది, కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నాడు. బ్రేకర్ మాత్రం ట్రిప్ కాలేదు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంది, అదీ ట్రిప్ కాలేదు. నాకు నిద్ర పట్టనిది అక్కడే. మూడు నెలల కింద మాటిమాటికీ ట్రిప్ అయిన సిస్టం, ఒక మనిషి కరెంట్‌కి అతుక్కుపోయినప్పుడు మాత్రం ఎందుకు గమ్మున ఉంది?

కరెంట్ బయల్దేరిన చోటికే తిరిగి పోవాలి

ఇది ఒక్కటి అర్థమైతే మొత్తం అర్థమైపోతుంది. కరెంట్‌కి భూమి అంటే ప్రేమ ఏమీ లేదు. "కరెంట్ భూమిలోకి పోతుంది" అని మనం చిన్నప్పటి నుంచి వింటాం. నిజానికి కరెంట్ ఏ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ నుంచి బయల్దేరిందో ఆ వైండింగ్‌కే తిరిగి చేరాలి. దారి ఉంటేనే పారుతుంది, దారి లేకపోతే పారదు.

బయట పోల్ మీద 11 కేవీ నుంచి 433 వోల్టులకి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, దాని న్యూట్రల్ అక్కడ ఎర్త్ చేసి ఉంటుంది. చాలామంది, నాతో సహా, ఆ ఎర్తింగ్ లోపలి మెషిన్ దాకా పనిచేస్తుందని అనుకుంటారు. కానీ మధ్యలో మన 415/200 ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ప్రైమరీకి, సెకండరీకి మధ్య వైరు కనెక్షన్ లేదు, మ్యాగ్నెటిక్ లింక్ మాత్రమే ఉంది. అంటే సెకండరీ ఒక కొత్త సప్లై. కొత్తగా ఒక చిన్న సబ్‌స్టేషన్ పెట్టినట్టే. దాని న్యూట్రల్‌ని మళ్లీ మనమే ఎర్త్‌కి కట్టాలి.

ఇప్పుడు మన మెషిన్‌కి వద్దాం. ప్రమాదం తర్వాత మెగ్గర్ పెట్టి చూస్తే కూలెంట్ పంప్ మోటార్‌లో ఆర్ ఫేజ్ వైండింగ్ పూర్తిగా బాడీకి తగిలి ఉంది. లింక్ ఉన్న రోజుల్లో ఏం జరిగిందంటే, ఆర్ ఫేజ్ నుంచి పంప్ బాడీకి, అక్కడి నుంచి ఎర్త్ వైరులో, లింక్ ద్వారా న్యూట్రల్‌కి. దారి పూర్తయింది, వందల ఆంపియర్లు పారాయి, బ్రేకర్ ట్రిప్ అయింది. దాని పని అది కరెక్ట్‌గా చేసింది.

నేను లింక్ తీయగానే ఆ దారి తెగిపోయింది. ఫాల్ట్ అలాగే ఉంది, కరెంట్ పారడానికి దారి లేదు. బ్రేకర్‌కి ఏమీ కనిపించదు. కానీ ఇంకో మార్పు జరిగింది, అది కంటికి కనపడదు. ఆర్ ఫేజ్ మెషిన్ బాడీకి అతుక్కుని ఉంది కాబట్టి, ఇప్పుడు మెషిన్ బాడీయే ఆర్ ఫేజ్. లింక్ ఉన్నప్పుడు ప్రతి ఫేజ్‌కి, బాడీకి మధ్య 115 వోల్టులు. ఇప్పుడు మిగతా రెండు ఫేజ్‌లకి, బాడీకి మధ్య ఏకంగా 200 వోల్టులు.

పిల్లగాడు ఒక చేత్తో ఎస్ ఫేజ్‌ని, ఇంకో చేత్తో బాడీని, అంటే ఆర్ ఫేజ్‌ని పట్టుకున్నాడు. మనిషి ఒళ్లు 1500 ఓంలు అనుకుంటే 130 మిల్లీ ఆంపియర్ల పైనే. ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీలు 30 మిల్లీ ఆంపియర్లకి ట్రిప్ అయ్యేలా చేస్తారు. అంటే దానికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ, అదీ గుండె మీదుగా.

"ఫ్లోటింగ్‌లో ఉంటే షాక్ కొట్టదు" అన్న మాట పూర్తి అబద్ధం కాదు. మొదటి ఫాల్ట్ రానంత వరకు చాలావరకు నిజం. కానీ మొదటి ఫాల్ట్ చప్పుడు లేకుండా వస్తుంది. వచ్చిన క్షణం నుంచి ఆ మాట అబద్ధం అవుతుంది, అది మనకి తెలియదు. ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లలో కావాలనే ఫ్లోటింగ్ సప్లై వాడతారు. అక్కడ ఇన్సులేషన్ మానిటర్ అని ఒకటి ఉంటుంది, మొదటి ఫాల్ట్‌కే అలారం కొడుతుంది. మా దగ్గర అలారం లేదు, బిర్యానీ మాత్రం ఉంది.

ఇంకో మాట. జపాన్‌లో ఆ మెషిన్ నడిచినప్పుడు కూడా అది గాల్లో లేదు. అక్కడ 200 వోల్టుల డెల్టా సప్లైలో సాధారణంగా ఒక ఫేజ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేస్తారు. మనం మెషిన్ తెచ్చుకున్నాం, దాని ఎర్తింగ్ పద్ధతిని అక్కడే వదిలేశాం.

ఆర్‌సీసీబీ ఎందుకు పనిచేయలేదు?

ఆర్‌సీసీబీ పోయిన కరెంట్, వచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా ఉంటే ట్రిప్. మాది మెయిన్ బోర్డులో, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రైమరీ వైపు ఉంది. సెకండరీలో ఎంత లీకైనా ప్రైమరీలో లెక్క సరిపోతూనే ఉంటుంది. గోడకి అవతల దొంగ దూరితే ఇవతలి వాచ్‌మన్‌కి ఎలా తెలుస్తుంది?

సెకండరీ వైపు పెట్టినా, లింక్ లేకపోతే పనిచేయదు. మా కేసులో కరెంట్ ఎస్ ఫేజ్‌లో పోయి, మనిషి మీదుగా బాడీకి, పంప్ ద్వారా ఆర్ ఫేజ్‌లో తిరిగి వచ్చింది. రెండూ ఆ ఆర్‌సీసీబీ లోపలి నుంచే పోతాయి. లెక్క సమానం. దానికది మామూలు లోడే.

ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయిందంటే, ఆ డబ్బా లోపలి మెకానిజం బాగుందని అర్థం, అంతే. ఎర్తింగ్ ఉందని కాదు. ఎర్త్ వైరే లేని ఇంట్లో కూడా టెస్ట్ బటన్ పనిచేస్తుంది.

మరి ఎర్త్ పిట్ తవ్వితే చాలదా?

చాలామంది కామెంట్లలో ఇదే అడుగుతారు. "అన్నా, మెషిన్ పక్కన ఒక పిట్ తవ్వి, ఉప్పు బొగ్గు వేసి, పైపు దించాం. సేఫే కదా?"

లెక్క చూద్దాం. మెషిన్ బాడీకి ఒక పిట్, రెసిస్టెన్స్ 8 ఓంలు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి వేరే పిట్, 4 ఓంలు. రెండింటినీ కలుపుతూ వైరు లేదు, మధ్యలో మట్టి మాత్రమే. ఫేజ్ బాడీకి తగిలింది. 115 వోల్టులు భాగించు 12 ఓంలు, సుమారు 9.6 ఆంపియర్లు. మన బ్రేకర్ 63 ఆంపియర్లది. దానికి ఈ 9.6 అంటే ఒక చిన్న మోటార్ నడిచినట్టు. జన్మలో ట్రిప్ కాదు. ఆ టైమంతా మెషిన్ బాడీ మీద 8 గుణించు 9.6, దాదాపు 77 వోల్టులు కూర్చుని ఉంటాయి.

ఇప్పుడు అదే మెషిన్ బాడీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ బోల్టు దాకా ఫేజ్ వైరుతో పాటే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశామనుకోండి. వైండింగ్, పోయే వైరు, వచ్చే వైరు అన్నీ కలిపి లూప్ 0.15 ఓం అనుకుందాం. 115 భాగించు 0.15, సుమారు 770 ఆంపియర్లు. సీ కర్వ్ 63 ఆంపియర్ల ఎంసీబీ తన రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్ల మధ్య, అంటే 315 నుంచి 630 మధ్య, వెంటనే ట్రిప్ అవుతుంది. 770 వస్తే రెప్ప వేసేలోపే తెగుతుంది.

తేడా చూశారా? ఒక చోట 9.6, ఇంకో చోట 770. బ్రేకర్ అదే, ఫాల్ట్ అదే. మార్చింది దారి మాత్రమే. అందుకే గుర్తు పెట్టుకోండి: బ్రేకర్‌ని ట్రిప్ చేసేది మట్టి కాదు, లోహం.

అందులోనూ మన హైదరాబాద్ ఉత్తరం వైపు నేల ఎలాంటిదో మీకు తెలుసు. నాలుగడుగులు తవ్వితే గ్రానైట్ బండ తగులుతుంది. ఎండాకాలం వస్తే పైన ఉన్న మొరం కూడా ఎండిపోతుంది. వానాకాలంలో కొలిచిన పిట్ రీడింగ్ మే నెలలో ఉండదు. అలాగని పిట్ వద్దని కాదు. పిడుగు, పైనుంచి వచ్చే సర్జ్, హై వోల్టేజ్ లోపలికి దూకడం, వీటన్నిటికీ పిట్ కావాల్సిందే. కానీ దాని పని వేరు, ఎర్త్ వైరు పని వేరు. ఒకటి ఉంది కదా అని ఇంకోటి మానేయకూడదు.

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ నుంచి ఒక సూత్రం వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి రెండు వేరువేరు ఎర్త్ కనెక్షన్లు, బాడీకి రెండు వేరువేరు ఎర్త్ కనెక్షన్లు. తర్వాత 2010లో వచ్చిన సీఈఏ భద్రతా నిబంధనల్లో కూడా అదే ఉండేది. ఎందుకు రెండు? ఒక లగ్గు తుప్పు పట్టి ఊడిపోయినా రెండోది ఉండాలని. ఎర్తింగ్ ఎలా చేయాలో వివరంగా కావాలంటే ఐఎస్ 3043 అనే ఇండియన్ స్టాండర్డ్ ఉంది. 2018లో దాన్ని కొత్తగా సవరించారు.

ఆన్ చేయగానే ట్రిప్ అయితే?

ఇది ఇంకో పెద్ద రోగం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ ఆన్ చేయగానే ప్రైమరీ ఎంసీబీ టప్ మని పడిపోతుంది. వెంటనే మనవాళ్లు 32 తీసి 63 పెడతారు, 63 తీసి 100 పెడతారు. ఫ్యూజ్ అయితే మందపాటి రాగి తీగ చుట్టేస్తారు. "ఇగ పోదు" అంటారు. నిజమే, ఇక పోదు. కేబుల్ కాలిపోయినా అది పోదు.

అసలు కారణం ఇన్‌రష్. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయిన మొదటి క్షణంలో కోర్ మ్యాగ్నెటైజ్ అవ్వడానికి ఫుల్ లోడ్‌కి 8 నుంచి 12 రెట్ల కరెంట్ లాగొచ్చు. మన 20 కేవీఏకి ప్రైమరీ ఫుల్ లోడ్ దాదాపు 28 ఆంపియర్లు. అంటే క్షణం పాటు 220 నుంచి 330 దాకా. సీ కర్వ్ 32 ఆంపియర్ల ఎంసీబీ 160 నుంచి 320 మధ్యలో పడిపోతుంది. అందుకే ఒకసారి నిలబడుతుంది, ఒకసారి పడిపోతుంది. మనకి దెయ్యం పట్టినట్టు అనిపిస్తుంది.

దీనికి మందు సైజు పెంచడం కాదు, కర్వ్ మార్చడం. డీ కర్వ్ 10 నుంచి 20 రెట్ల దాకా ఓపిక పడుతుంది. మేము ఇప్పుడు ప్రైమరీకి డీ కర్వ్ 40 ఆంపియర్లు పెట్టాం. ఇన్‌రష్‌కి నిలబడుతుంది, ఓవర్‌లోడ్‌కి పడిపోతుంది.

సెకండరీ వైపు ఫుల్ లోడ్ దాదాపు 58 ఆంపియర్లు. అక్కడ సీ కర్వ్ 63 విడిగా ఉండాల్సిందే. "ప్రైమరీలో బ్రేకర్ ఉంది కదా, మళ్లీ ఎందుకు ఖర్చు?" అని అడిగే ఓనర్లకి ఇలా చెప్పండి. డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌లో సెకండరీలో ఒక ఫేజ్ ఎర్త్‌కి తగిలితే, ఆ ఫాల్ట్ ప్రైమరీ లైన్లలో లెక్క ప్రకారం 58 శాతమే కనిపిస్తుంది, అదీ రెండు లైన్లలో. ప్రైమరీ బ్రేకర్‌కి విషయం సగమే తెలుస్తుంది, లేటుగా తెలుస్తుంది. అమెరికా వాళ్ల ఎలక్ట్రికల్ కోడ్‌లో కూడా ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రైమరీ బ్రేకర్ ఒక్కటే సెకండరీ వైర్లని కాపాడుతుందని ఒప్పుకోరు.

ప్యానెల్ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్

సీఎన్‌సీ లేని షెడ్ల వాళ్లు "మాకు సంబంధం లేదు" అనుకోకండి. మీ స్టార్టర్ ప్యానెల్‌లో కాంటాక్టర్ కాయిల్స్ కోసం 415/110 కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని 110 వోల్టుల వైపు కూడా కొత్త సప్లైయే.

ఆ 110లో ఒక వైపు ఎర్త్ చేయాలి. కాయిల్స్ అన్నీ ఒక కొసన ఆ ఎర్త్ చేసిన వైపుకి నేరుగా కట్టాలి. స్టార్ట్, స్టాప్, ఎమర్జెన్సీ బటన్లు, ఫ్యూజ్ అన్నీ రెండో వైపు రావాలి. ఎందుకంటే ఎర్త్ చేయకుండా వదిలేస్తే, స్టాప్ బటన్‌కి ఇవతల ఒక చోట, అవతల ఒక చోట వైరు బాడీకి తగిలిందనుకోండి. ఆ రెండు తగిలిన చోట్లూ బాడీ ద్వారా కలిసిపోయి స్టాప్ బటన్‌ని దాటేస్తాయి. మీరు స్టాప్ నొక్కుతారు, మోటార్ ఆగదు. ఎమర్జెన్సీ నొక్కుతారు, అదీ ఆగదు. ఎర్త్ చేసి ఉంటే మొదటి ఫాల్ట్‌కే ఫ్యూజ్ పోతుంది, మెషిన్ ఆగుతుంది. మా పిల్లగాణ్ణి ఆ రోజు కాపాడింది ఎమర్జెన్సీ స్టాపే. అది కూడా పనిచేయకపోయి ఉంటే? నేను ఆ ఆలోచన దగ్గరే ఆగిపోతాను.

మేము ఏం మార్చాం?

ముందు కూలెంట్ పంప్ తీసి రీవైండింగ్‌కి పంపాం. కన్వేయర్ కేబుల్ మార్చి, రజను తగలకుండా ఫ్లెక్సిబుల్ స్టీల్ పైపులో పోయించాం. న్యూట్రల్ లింక్ మళ్లీ వేశాం, ఈసారి రెండు చోట్ల. మెషిన్ బాడీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా విడిగా రాగి ఎర్త్ వైరు, రెండు వైపులా లగ్గు క్రింపింగ్ చేసి. పెయింట్ మీద బోల్టు బిగించలేదు, గీకి లోహం కనపడేలా చేసి బిగించాం. సెకండరీలో 63 బ్రేకర్, చేతులు పెట్టే చిన్న సర్క్యూట్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. చివర్లో ఎర్త్ లూప్ టెస్టర్‌తో కొలిచి, ఆ నంబర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద మార్కర్‌తో రాశాం. ఆరు నెలల తర్వాత కొలిస్తే తేడా తెలియాలి కదా.

మీకు స్క్రీన్‌షాట్ కోసం చిన్న లిస్ట్ చెప్తున్నా:

1. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ న్యూట్రల్ ఎర్త్‌కి కట్టి ఉందా? కళ్లతో చూడండి, ఎవరో చెప్తే నమ్మకండి.
2. మెషిన్ బాడీ నుంచి ఆ ఎర్త్ బోల్టు దాకా లోహపు దారి ఉందా, లేక మట్టిని నమ్ముకున్నారా?
3. ప్రైమరీ, సెకండరీ రెండు వైపులా బ్రేకర్ ఉందా? రేటింగ్ లెక్క ప్రకారం ఉందా?
4. ఫ్యూజ్‌లో కంపెనీ ఫ్యూజ్ ఉందా, తీగ చుట్టారా?
5. ఆర్‌సీసీబీ సెకండరీ వైపు ఉందా?
6. ఎవరైనా ఎప్పుడైనా "ట్రిప్ అవుతోందని" ఏదైనా తీసేశారా? ఇది అడగడం మర్చిపోకండి. జవాబు రావడానికి టైం పడుతుంది. నేనైతే మూడు నెలలు చెప్పలేదు.

లిస్ట్ ఉంది కదా అని పర్మిట్ లేకుండా ప్యానెల్ తెరవకండి తమ్ముళ్లూ. చూడండి, అడగండి, ఫొటో తీసి తెలిసినవాళ్లకి చూపించండి. చేసేది మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్లతో, సప్లై ఆపి, లాక్ వేసి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగకండి. ముందు సప్లై కట్ చేయండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టండి. మీ షెడ్‌లో కనీసం ఇద్దరికైనా సీపీఆర్ వచ్చి ఉండాలి.

చివరిగా

ఆస్పత్రిలో వాణ్ణి చూడటానికి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మ ఉంది. నేను ఎవరో ఆమెకి తెలియదు. "మావాడు నీ గురించే చెప్తుంటడు బిడ్డా, పని నేర్పిస్తున్నవంట" అంది. నాకు నోట మాట రాలేదు. వాడు డిశ్చార్జ్ అయ్యాక లింక్ సంగతి వాడికి చెప్పాను. ఓనర్ సార్‌కి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మెషిన్ ఆగొద్దని నేనే అన్న కదా" అన్నాడు.

వాడు ఇప్పుడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తున్నాడు. కాలిన చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. పోయిన నెల మా షెడ్‌కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ మూత తీయమన్నాడు. సప్లై ఆపి తీశాను. లింక్‌ని టార్చ్ వేసి చూశాడు, స్పానర్‌తో బిగుతు చూశాడు, మూత వేశాడు. "ఉంది అన్నా" అన్నాడు.

ఫ్రెండ్స్, బ్రేకర్ పదే పదే ట్రిప్ అవుతుంటే అది మన పని చెడగొడుతున్నట్టు అనిపిస్తుంది. అది మనకి ఏదో చెప్తోంది. దాని నోరు మూయించకండి, ఏం చెప్తోందో కనుక్కోండి.

మీ షెడ్‌లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, లిస్ట్‌లో ఎన్ని ఉన్నాయో కామెంట్‌లో రాయండి. నంబర్ 6 గురించి రాయడానికి సిగ్గు పడకండి, నేను ముందే రాసేశాను కదా. ఈ వీడియో మీ మెయింటెనెన్స్ గ్రూపులో ఒక్కసారి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మెగ్గర్ రీడింగ్ ఎలా తీయాలి, ఎంత వస్తే మోటార్ బాగున్నట్టో చూద్దాం. ఉంటాను, జాగ్రత్త.